ఎనిమిదో నంబరింట్లో ఎంతమంది

కరెంటు మీటర్లు చూసి అంకెలు రాసుకునే ఉద్యోగంలో ముప్ఫై మూడేళ్ళు గడిపిన మనిషి ఆమె. అన్నేళ్ళలో అరిగినవి చెప్పులేగాని మనిషి కాదని తోటివాళ్ళు అనేవారు. ఎండకు కందదు, వానకు తడవదు, కుక్క మీదికొస్తే ఉలిక్కిపడదు. ఇంటివాళ్ళు గుమ్మంలో నిలబడి నోటికొచ్చినట్టు తిడుతుంటే కళ్ళెత్తి కూడా చూడకుండా అంకె వేసుకుని పక్కింటికి పోయేది. ఆఫీసులో ముఖం ముందు మీటరమ్మ అనేవారు, చాటున రాయి అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. కాదనడానికి ఆమె దగ్గర గట్టి సాక్ష్యమేదీ లేదు. పోయినేడాది తల్లి పోయినప్పుడు కూడా ఆమెకు ఏడుపు రాలేదు. ఆపుకున్నదని కాదు, వస్తే బాగుండునని ఎదురుచూసింది, రాలేదు. వచ్చినవాళ్ళంతా ఏడుస్తుంటే, ఏ మూల నిలబడితే ఎవరికీ అడ్డం కాదో చూసుకుని అక్కడ నిలబడింది.

ఆమె పుట్టి పెరిగిన సందు ఇప్పుడు లేదు. ఇటు ఆరిళ్ళు, అటు ఆరిళ్ళు, మధ్యలో రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకటి ఆగి దారివ్వాల్సినంత వెడల్పు. పదిహేనేళ్ళ కిందట బస్సుల డిపో పెంచడానికి మొత్తం పడగొట్టేశారు. మనుషులు తలో దిక్కూ పోయారు. తల్లి పోయిన మూడు నెలలకు, ఒకటో నంబరింటి మాస్టారి అబ్బాయి ఎక్కడెక్కడివాళ్ళ నంబర్లూ సంపాదించి ఫోన్లో "మన సందు" అని ఒక గ్రూపు పెట్టాడు. అబ్బాయి అనడం అలవాటేగాని ఆయనకు మనవలున్నారు.

మొదటి వారమంతా బాగున్నారా అంటే బాగున్నారా అనుకున్నారు. రెండో వారానికి కుళాయి ఆరో నంబరింటి ముందుండేదా, ఏడో నంబరింటి ముందుండేదా అని తగువు పడింది. నాలుగు రోజులు కొట్టుకున్నారు. కుళాయి లేదు, ఇళ్ళు లేవు, సందే లేదు, తగువు మాత్రం నిన్న మొన్నటి దానిలా పచ్చగా ఉంది. చివరికి ఎవరో "మీటరమ్మనడగండి, ఆవిడకైతే లెక్కగా తెలుస్తుంది" అన్నారు. ఆమె "ఏడో నంబరు, గుమ్మానికి కుడిపక్క" అని ఒక్క ముక్క రాసింది. గొడవ చప్పున చల్లారింది.

ఆ ఒక్క ముక్కతో ఆమెకు ఒక ఉపాయం తట్టింది. మర్నాడు పొద్దున టీ తాగి, అద్దాలు పెట్టుకుని, రూటు ప్రకారం మొదలుపెట్టింది. రోజుకొక ఇల్లు.

"ఒకటో నంబరు. ఇంటివారు మాస్టారు. మీటరు గుమ్మానికి ఎడమపక్క, పిల్లలకు అందనంత ఎత్తున. ఇంట్లో మనుషులు ఆరుగురు, కోళ్ళు నాలుగు. మాస్టారు కోళ్ళక్కూడా ఎక్కాలు చెప్పేవారు. అరుగు గోడకి నల్లబల్ల ఉండేది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఆ బల్ల మీద ఎవరో మాస్టారి బొమ్మ వేసిపెట్టారు. బల్లంతా పొట్టే. తలకి చోటు చాలక గోడ మీద వేశారు."

గ్రూపంతా నవ్వులే నవ్వులు. మాస్టారి అబ్బాయి, "మా నాన్న వారం రోజులు అరుగు మీదికి రాలేదు" అని రాశాడు. రాయి అనిపించుకున్న మనిషిలో ఇంత హాస్యం ఎక్కడ దాగిందా అని అందరికీ ఆశ్చర్యమే. ఆమె మాత్రం సాయంత్రం దాకా ఫోన్ పక్కనపెట్టుకుని, వచ్చిన ప్రతి ముక్కా రెండేసిసార్లు చదువుకుంది.

మూడో నంబరు కాంపౌండరు మామయ్యది. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఒకటే గులాబిరంగు మందు. జ్వరానికి మూడు చెంచాలు, దెబ్బ తగిలితే రెండు, పరీక్ష తప్పితే ఒకటి. "ఒకనాడు ఆయన మందుల పెట్టె తెరిస్తే సీసాల మధ్య కప్ప కూర్చుని ఉంది. ఎవరో పెట్టారు. మామయ్య ఏమాత్రం తొణక్కుండా దానికీ ఒక చెంచా పోశారు" అని రాసింది.

ఐదో నంబరు కుట్టు అత్తయ్యది. ఆ అత్తయ్య కుట్టుమిషను చప్పుడే సందుకి గడియారం. మిషను ఆగిందంటే భోజనాల వేళ అయినట్టు. "పెళ్ళికొడుకు కోసం కుట్టి తగిలించిన ప్యాంటుని ఎవరో తొడుక్కుని, నడుం పట్టీ గడ్డం కింద పట్టుకుని, సందు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా దొరలా నడిచారు. ప్యాంటు కింద కాళ్ళు కనపడలేదు" అని రాసింది.

బొమ్మ వేసిన ఎవరో, కప్పని పెట్టిన ఎవరో, ప్యాంటు తొడుక్కున్న ఎవరో ఒకడే. ఆమె తమ్ముడు.

ఆమెకు పదకొండేళ్ళు, వాడికి ఏడు అప్పుడు. వాడికి జ్వరం వచ్చింది. ఆడపిల్లకి కూడా అంటుకుంటుందేమోనని ఆమెను పెద్దమ్మగారి ఊరికి పంపేశారు. ఇరవై రెండు రోజుల తరవాత తిరిగి వచ్చేసరికి ఇంట్లో వాడు లేడు. వాడి పలక లేదు, చెప్పులు లేవు, దండెం మీద చొక్కాలు లేవు. గుమ్మం చెక్కకి ఇద్దరి ఎత్తులూ కొలిచి గీసిన గీతలుండేవి. వాడి గీతలున్న వైపు గీకేసి కొత్తగా రంగు వేసి ఉంది. తల్లి అన్నానికి పిలిచి మూడు కంచాలు పెట్టింది. మూడు కంచాలు చూశాక ఇంక అడగడానికేముంది? పిల్ల అన్నం తిని, చెయ్యి కడుక్కుని, పన్నెండో ఎక్కం చదువుకుంది. ఆ రోజున ఆమెలో ఏదో మూతపడింది. పోయిన వాడికోసం ఏడవడానికి ముందు, వాడు పోయాడని ఎవరైనా చెప్పాలి కదా. ఎవరూ చెప్పలేదు.

ఆ తరవాత ఇంట్లో వాడి మాట లేదు. సందులోనూ లేదు. పెదవి దాటితే పృథివి దాటే సందు అది. ఒకరింట్లో పాలు విరిగితే పన్నెండిళ్ళకూ తెలిసేది. అటువంటి సందులో పెద్దలు గాని పిల్లలు గాని ఒక్కరు కూడా వాడి ఊసెత్తలేదు. ఆమెకు సంబంధం మాట్లాడేటప్పుడు తల్లి "మాకు ఒక్కగానొక్క కూతురు" అంది. పెళ్ళికూతురు తల వంచుకునే ఉంది కాబట్టి ఆ ముఖంలో ఏముందో ఎవరికీ కనపడలేదు. కట్టుకున్నవాడికి ఇవాళ్టికీ అదే తెలుసు. తల్లి పోయాక పెట్టెలూ బీరువా అడుగూ అన్నీ వెతికింది. ఒక ఫోటో లేదు, ఒక బొత్తాం లేదు. ఏ దొంగా అంత శుభ్రంగా ఇల్లు ఊడ్చలేడు.

తండ్రి ఎప్పుడో పోయాడు, ఇప్పుడు తల్లీ పోయింది. ఫలానా వాడొకడు ఈ భూమ్మీద ఏడేళ్ళు తిరిగాడని తెలిసిన మనిషి ఇక తనొక్కతే అయితే, తన తరవాత వాడు అసలు పుట్టనట్టే అయిపోతాడు. ఆమెకున్న భయమల్లా అదే. గ్రూపులో ఒక్కరికైనా గుర్తుండాలి. అడిగేయొచ్చు కదా అంటారేమో. అడిగితే "మీకు తమ్ముడెక్కడమ్మా?" అని ఒక్కరన్నా సరే, అక్కడితో అంతా అయిపోతుంది. అందుకని ప్రతి ఇంటి కథలోనూ వాడు నిలబడ్డ చోట "ఎవరో" అని ఖాళీ వదిలి, అందులో ఎవరైనా వాడి పేరు రాస్తారేమోనని గాలం వేసిన మనిషిలా కూర్చుంది.

ఎవరూ రాయలేదు. పైగా కప్ప సంగతికి మాస్టారి అబ్బాయి, "ఆ కప్పని పెట్టింది నేనే, ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నా" అని రాశాడు. అందరూ శభాష్ అన్నారు. ఆమె ఆ ముక్క చూసి ఫోన్ బోర్లా పెట్టి, వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. వాడి దగ్గర మిగిలినవే నాలుగు అల్లరి పనులు. అందులో ఒకటి అరవయ్యేళ్ళ పెద్దమనిషి పట్టుకుపోయాడు.

ఎనిమిదో రోజున ఎనిమిదో నంబరు వచ్చింది. అది ఆమె పుట్టిల్లు. మీటర్లవాళ్ళు వెళ్ళినప్పుడు ఇంటికి తాళం ఉంటే, అంకె వెయ్యాల్సిన చోట "డోర్ లాక్" అని రాసి ముందుకెళ్ళిపోతారు. ఆమె కూడా అంతే రాసింది. "ఎనిమిదో నంబరు. డోర్ లాక్."

కనీసం ఇప్పుడైనా గోల చేస్తారనుకుంది. కుళాయి ఏ పక్కనుందో తేల్చుకోవడానికి నాలుగు రోజులు జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్ళు, అదేం కుదరదు, మీ ఇల్లు కూడా చెప్పాల్సిందే అని వెంటపడరా? పడలేదు. ఆ రోజంతా గ్రూపు నోరు కుట్టేసినట్టుంది. మర్నాడు ఆమె తొమ్మిదో నంబరు రాయగానే, ఊపిరి పీల్చుకున్నట్టు అందరూ ఒక్కసారి మాటల్లో పడ్డారు.

ఆమె భర్త బస్సుల మెకానిక్కుగా చేసి దిగిపోయిన మనిషి. ఇప్పుడు ఇంట్లో పాడవని వస్తువుల్ని విప్పి పాడుచేస్తుంటాడు. ఆ రోజు ఆయన ఫ్యాను రెక్కలు తుడుస్తూ అడిగాడు.

"ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ రాశావు, మీ ఇల్లు రాయవేమోయ్? మా అత్తగారి రహస్యాలేమైనా బయటపడతాయనా?"

"రాయడానికేముంది? ముగ్గురం," అంది ఆమె.

"ఒక్కగానొక్క కూతురు. గారాలపట్టి," అన్నాడాయన నవ్వుతూ, రెక్క మీద నుంచి దుమ్ము ఊదుతూ.

ముగ్గురం అన్న మాట తల్లి నోట ఎన్నోసార్లు విన్నది. తన నోట వినడం అదే మొదటిసారి. అది ఎంత సులువుగా వచ్చేసింది! కూర్చుని ఆలోచించింది. మనుషులు మర్చిపోతారు, నిజమే. కాని మర్చిపోవడం ఇలా ఉండదు. ఒకరికి సగం గుర్తుంటుంది, ఒకరికి తప్పుగా గుర్తుంటుంది, ఒకరు నోరు జారతారు. ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగం ఆమెకు నేర్పిన పాఠం ఒకటుంది. ఇంటినిండా మనుషులుండి, దీపాలు వెలుగుతుండి, మీటరు మాత్రం చుట్టు తిరగడం లేదంటే, అందరూ పొదుపుగా ఉన్నారని కాదు. ఎవరో చేత్తో ఆపారు. పన్నెండిళ్ళ సందులో ఒక్క ఇంట్లోనూ చక్రం కదలడం లేదు.

సందు పెద్దల్లో బతికున్నది కుట్టు అత్తయ్య ఒక్కతే. ఎనభై ఎనిమిదేళ్ళు. కూతురి దగ్గర ఉంటోంది. మర్నాడు ఆమె రెండు బస్సులు మారి అక్కడికి వెళ్ళింది. మూడో అంతస్తు, మెట్ల పక్క రెండో తలుపు. అలవాటు కొద్దీ ముందు మీటరెక్కడుందో చూసి తరవాత గంట నొక్కింది. తలుపు తీసింది మనవరాలు. చెవులకి ఏదో తగిలించుకుని, ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటోంది. "అమ్మ బయటికెళ్ళిందండీ, అమ్మమ్మ ఉంది," అని లోపలి గది చూపించి, తన గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

అత్తయ్య కిటికీ పక్క మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగమైంది. వేళ్ళు మాత్రం ఊరుకోవడం లేదు. దుప్పటి అంచుని మడిచి, గోటితో నొక్కి, మళ్ళీ విప్పుతున్నాయి.

"రావే, రా. ఎండన పడి వచ్చావా? నీ కథలన్నీ మా పిల్ల చదివి వినిపిస్తోంది. ఆ ప్యాంటు సంగతికి నాకు పొలమారింది అనుకో."

"అత్తయ్యా, ఒకటడుగుదామని వచ్చాను," అంది ఆమె కూర్చోకుండానే. "ఎనిమిదో నంబరింట్లో ఎంతమంది ఉండేవాళ్ళం?"

దుప్పటి అంచు మీద వేళ్ళు ఆగాయి.

"ఎంతమందేమిటే? మీ అమ్మ, మీ నాన్న, నువ్వు."

"అంతేనా?"

"అంతేగా మరి."

జవాబు నున్నగా వచ్చింది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి పొద్దున ఏం తిన్నదో చెప్పడానికే కాసేపు తడుముకుంటుంది. ఇదొక్కటి మాత్రం తడబాటు లేకుండా వచ్చిందంటే, ఎన్నాళ్ళనుంచో సిద్ధం చేసిపెట్టుకున్న జవాబు. ఆమె మంచం పట్టె మీద కూర్చుంది.

"అత్తయ్యా, నాకు అరవయ్యేళ్ళు. ఇంకా ఎంతకాలం దాస్తారు?"

ముసలమ్మ గోడ కేసి చూసింది, కిటికీ కేసి చూసింది, చివరికి ఆమె ముఖంలోకి చూసింది.

"మీ అమ్మకి మాటిచ్చానే," అంది.

తరవాత మెల్లిగా చెప్పుకొచ్చింది.

"నువ్వు మీ పెద్దమ్మ ఊరినుంచి రేపొస్తావనగా మీ అమ్మ వచ్చింది. మా ఒక్క ఇంటికే కాదు, పదకొండిళ్ళకీ వెళ్ళింది. ఏడవలేదు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలో నిలబడి చెయ్యి చాపింది. 'నా పిల్ల రేపొస్తోంది వదినా. వాడి పేరు దాని చెవిన పడకూడదు. వాడంటే ప్రాణం దానికి. ఒకణ్ణి పోగొట్టుకున్నాను, ఇది బెంగ పెట్టుకుని పోతే నేనేమైపోను? చిన్నది కదా, ఎవరూ ఎత్తకపోతే అదే మర్చిపోతుంది' అంది. అందరం చేతిలో చెయ్యేశాం. ఎవరినీ గుమ్మం తొక్కనివ్వని ఆ ఆరో నంబరు ముసల్దుందే, అది కూడా తలుపు తీసి చెయ్యి వేసింది."

"పిల్లలు?"

"వాతలు పెడతామన్నాం. మాస్టారి చిన్నమ్మాయి ఒకసారి నోరు జారబోతే వాళ్ళమ్మ తొడపాశం పెట్టింది. ఇప్పటికీ మచ్చుందంటుంది."

"మరి మాస్టారి అబ్బాయి కప్ప తనే పెట్టానన్నాడు."

అత్తయ్య పెదాల మీద చిన్న నవ్వు కదిలింది. "నువ్వు కప్ప సంగతి రాసిన రోజున వాడు నాకు ఫోన్ చేశాడు. 'అత్తా, దీనికేదో గుర్తొస్తున్నట్టుంది, ఇప్పుడేం చెయ్యను' అని ఒకటే కంగారు. నీ మీదేసుకోరా అన్నాను. పాపం, వాడికి కప్పంటే చచ్చేంత భయం."

ఆమెకు నవ్వు రాలేదు. "వాడి బట్టలేం చేశారు?" అని అడిగింది.

"నాకే తెచ్చిచ్చింది. కత్తిరించి పారెయ్యమంది. నా చేతులు రాలేదే. కుట్లన్నీ విప్పి ముక్కలు దాచాను. సందులో ఎవరి బట్ట చిరిగినా ఆ ముక్కలే అతుకు వేశాను. మాస్టారి లాల్చీ మోచేతికి ఒకటి. కాంపౌండరు సంచీకి ఒకటి. నీ గోధుమరంగు గౌనుకి జేబు కావాలని ఏడ్చావు చూడు, ఆ జేబు కూడా వాడి చొక్కాదే. ఒక్కరూ మాట్లాడలేదు. నువ్వు ఆ జేబులో బలపాలు వేసుకుని తిరిగావు."

ఆ గౌను ఆమెకు గుర్తుంది. జేబూ గుర్తుంది. నీలం చారల జేబు. దాంట్లో చేతులు దూర్చుకుని రెండేళ్ళు బడికి వెళ్ళింది. ఇప్పుడు ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. ఏదో ఒకటి అనిపించాలి కదా అనుకుంది. ఏమీ అనిపించలేదు. చలిలో మొద్దుబారిన కాలిని నేల మీద మోపినట్టు ఉంది, అంతే.

"నేను మర్చిపోలేదత్తయ్యా. ఒక్కరోజు కూడా."

"మరి ఒక్కసారైనా అడగలేదేమే?" అంది అత్తయ్య, నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలియక. "అడిగి ఉంటే ఎవరమో ఒకరం కరిగిపోయేవాళ్ళం. నువ్వు అడగలేదు. వచ్చిన మర్నాడే గెంతుతూ కుళాయికొచ్చావు. మర్చిపోయింది, చిన్నపిల్ల, బతికిపోయింది అనుకున్నాం. పోయే ముందు మీ అమ్మ నాతో ఫోన్లో అంది, 'మన మాట నిలిచింది వదినా, అది మర్చేపోయింది' అని. ఎంత సంతోషంగా అందనుకున్నావు."

బిడ్డ మర్చిపోయిందన్న తృప్తితో తల్లి పోయింది. అందరూ మర్చిపోయారన్న బెంగతో బిడ్డ అరవయ్యేళ్ళకొచ్చింది. ఎవరు ఎవరిని కాపాడారో, ఎందుకు కాపాడారో ఆమెకు అంతుపట్టలేదు. తల్లి మీద కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెయ్యి చాపి నిలబడ్డ మనిషి కళ్ళ ముందు కనపడింది. కోపం రాలేదు.

"అమ్మ లేదు కదత్తయ్యా. ఆ మాట నాకోసమేగా తీసుకుంది. నేను వదిలేశాను. ఇంక వాడి గురించి చెప్పు. ఏదైనా సరే."

అత్తయ్య సర్దుకుని కూర్చుంది. ఎన్నాళ్ళనుంచో ఈ అనుమతి కోసమే చూస్తున్నట్టు ముఖం విప్పారింది. "ఏం చెప్పనే వాడి గురించి! మా..." అని నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది.

"మా..." అంది మళ్ళీ. కళ్ళు అటూ ఇటూ వెతికాయి. "బడిలో పేరు కాదే, ముద్దు పేరు. సందంతా పిలిచే పేరు. నేనే పెట్టాను వాడికి. కుదురుగా ఉండేవాడు కాదని ఆ పేరు..." వేళ్ళు గాల్లో ఏదో పట్టుకోబోయి వదిలేశాయి. "రావడంలేదే. నలభై తొమ్మిదేళ్ళు పళ్ళ మధ్య నొక్కిపెట్టాను, ఎక్కడికి పోయిందో. ఏమని పిలిచేవాళ్ళమే వాణ్ణి?"

వినడానికి వచ్చిన మనిషి ఆమె. ఇన్ని రోజులూ వేసిన గాలమంతా ఆ ఒక్క పేరు ఇంకొకరి నోట వినడానికి. పదకొండో ఏట నుంచి తను కూడా దాన్ని పైకి అనలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మనసులో అనుకోవడం వేరు, గొంతుతో అనడం వేరు. మొదటిసారి గాలే వచ్చింది. గొంతు సవరించుకుంది.

"బొంగరం," అంది.

"బొంగరం," అంది అత్తయ్య. "బొంగరం, బొంగరం." నోట్లో తిప్పి తిప్పి చూసుకుంది. ఉన్నట్టుండి గుమ్మం కేసి తిరిగి, అప్పటి గొంతుతో, మిషను చప్పుడుని మించి వినపడాలని కేకేసే గొంతుతో పిలిచింది. "ఒరేయ్ బొంగరం, ఇలా వచ్చి ఈ సూదిలో దారం ఎక్కించి పోరా!"

"సూదిలో దారమేమిటత్తయ్యా?"

"నీకు తెలీదూ? నీకెలా తెలుస్తుందిలే. నాకు అప్పటికే చత్వారం. అద్దాలు పెడితే ముసలిదాన్నయ్యానంటారని పెట్టుకునేదాన్ని కాదు. బడి నుంచి వచ్చి, సంచీ కూడా దింపకుండా, పది సూదులకి దారాలెక్కించి వరసగా గుచ్చిపెట్టి పోయేవాడు. వాడు కదలకుండా నిలబడేది ఆ కాసేపే. నాలిక ఇలా పక్కకి పెట్టి, ఊపిరి బిగబట్టి. ఎడమ చేత్తో."

"ఎడమ చేత్తోనా?"

"ఎడమచేతివాటమేగా వాడిది. రోజూ ఒట్టు వేయించుకునేవాడు, 'అత్తా, మా అక్కకి చెప్పకు, ఆడపిల్లల పని చేస్తున్నానని నవ్వుతుంది' అని."

ఆమె తన దగ్గరున్న తమ్ముణ్ణి వెతుక్కుంది. నల్లబల్ల ముందున్నాడు, ప్యాంటులో ఉన్నాడు, కప్పని జేబులో పెట్టుకుని పరిగెడుతున్నాడు. ఏ చేత్తో బొమ్మ వేశాడో కనపడలేదు. వాడి ఎడమచెయ్యి తన దగ్గర లేదు. ఈ భూమ్మీద వాణ్ణి దాచుకున్నది తనొక్కతే అనుకుంది గాని, తను కూడా వాణ్ణి కొంచెం కొంచెంగా పారేసుకుంటూనే వచ్చింది. ఆ చెయ్యి ఇన్నేళ్ళూ ఇక్కడ, ఈ ముసలమ్మ దగ్గర, భద్రంగా ఉంది.

"నవ్వేదాన్ని కాదు," అంది ఆమె. "నేను నవ్వేదాన్ని కాదత్తయ్యా."

ఆ మాట పూర్తవుతుండగానే వచ్చింది ఏడుపు. ఎలా ఏడవాలో అలవాటు తప్పిన మనిషి ఏడిస్తే చూడ్డానికి బాగుండదు. ముందు దగ్గనుకుంది, తరవాత ఎక్కిళ్ళనుకుంది, తరవాత ఇంక ఏమీ అనుకోలేదు. మంచం పట్టె పట్టుకుని ముందుకి వంగిపోయి, పదకొండేళ్ళ పిల్ల ఏడ్చినట్టు, ముక్కూ నోరూ ఏకమయ్యేలా ఏడ్చింది. అత్తయ్య ఊరుకోమనలేదు. వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

ఆ చప్పుడుకి మనవరాలు చెవులవి తీసేసి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది అమ్మమ్మా?"

"వాళ్ళ తమ్ముడు పోయాడే," అంది అత్తయ్య. "ఓ గ్లాసుడు మంచినీళ్ళు పట్రా."